సామాన్ల తాత మాటల లెక్క

కిందటి నెల ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో నేను టైపు పనికి వెళ్ళే గదిలో, పక్క కాలేజీలో పరిశోధన చేస్తున్న ఒకతను నన్ను పిలిచి కంప్యూటర్ తెర చూపించాడు. తన థీసిస్ మొత్తం అందులో పెట్టాడట. ఒక మీట నొక్కగానే ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో పైనుంచి కిందికి వరసగా దిగింది. వ్యాసం మొదట్లో నాలుగైదు ముఖ్యమైన మాటలు ఇవ్వాలట. ఎవరైనా వెతుక్కుంటే ఆ మాటలతోనే దొరకాలట. అందుకని లెక్క తీస్తున్నాడు. తీరా చూస్తే అన్నిటికంటే పైన నిలబడ్డవి 'ది', 'ఆఫ్', 'అండ్'.

"చూడండి దీదీ, ఎక్కువసార్లు వచ్చినవే ఎందుకూ పనికిరావు. ప్రతి థీసిస్‌లోనూ ఉంటాయి కదా! వీటితో వెతికితే ఊళ్ళో ఉన్న కాగితాలన్నీ వచ్చి మీద పడతాయి" అన్నాడు, ఆ సంగతి తనే కనిపెట్టినంత గర్వంగా.

నాకు నవ్వు ఆగలేదు. మామూలుగా నేను బయట అంత గట్టిగా నవ్వే మనిషిని కాను. అతను కంగారుపడ్డాడు.

"ఏమైంది దీదీ?"

"ఏం లేదు. ఈ మాట నాకు పదేళ్ళ కిందటే ఒకాయన చెప్పారు."

"ఏ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్?"

"ప్రొఫెసర్ కాదు. స్టేషన్లో పోయిన గొడుగులకు కాపలా ఉండేవారు."

అతను నమ్మినట్టు లేదు. నేను నా టైపు పనికి తిరిగాను. ఆయన పోయిన కబురు రెండేళ్ళ కిందట విశాఖపట్నం నుంచి ఒక కార్డు మీద వచ్చింది. ఆ రోజు డైరీలో ఒక్క ముక్కా రాయలేకపోయాను. ఇప్పుడు నవ్వొచ్చింది కాబట్టి రాయగలననిపిస్తోంది.

ఆయన పేరు రాయను. పేర్ల మీద ఆయనకే నమ్మకం లేదు. "పేరెట్టి ఎవడూ ఎతకడమ్మా, గుర్తెట్టి ఎతుకుతాడు" అనేవారు. రైల్వే క్వార్టర్లలో ఉన్న మా తెలుగువాళ్ళందరికీ ఆయన సామాన్ల తాత. రైళ్ళలో జనం మరిచిపోయిన సామాన్లు దాచే గదిలో ముప్పై ఏళ్ళు గుమస్తాగా పనిచేసి రిటైరయ్యారు. పొట్టి మనిషి, మరమరాల పలుకు ఒకటైనా చిక్కుకోకుండా ఎన్నడూ కనపడని మీసం, కుడిచెవి వెనక పెన్సిల్ ముక్క. చేతిలో ఎప్పుడూ మురీ పొట్లం ఉండేది. ఆవనూనె, పచ్చిమిర్చి కలిపిన మరమరాలు. తింటూ ఎదుటివాళ్ళ మాటలు వినేవారు. వింటూ పొట్లం అంచు మీద గీతలు గీసేవారు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఐదోది.

మా నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఒకసారి మా ఇంటి అరుగు మీద టీ తాగి గ్లాసు కింద పెట్టగానే తాత లెక్క చెప్పారు.

"నాయనా, ఈ టీ తాగినంతసేపట్లో 'ఓవర్‌టైం' అని పదకొండు మార్లన్నావు. 'ఇల్లు' అని ఒక్కమారే అన్నావు."

"ఇంట్లో నన్ను మాటాడనిచ్చినోళ్ళెవలు తాతా, అందుకే ఆ మాట రాదు" అన్నాడు మా నాన్న. లోపలినుంచి మా అమ్మ గిన్నె ఒకటి గట్టిగా పెట్టింది.

తాత చర్చికి తప్పకుండా వెళ్ళేవారు. అక్కడా అంతే. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, "అయ్యగారూ, ఇయ్యాల 'ప్రియులారా' నలభైకి ఒకటి తక్కువ. ఇంకో మారనుంటే సరిపోను" అన్నారట. పాస్టరుగారు సరదా మనిషి. మరుసటి ఆదివారం మెట్లు దిగుతూ ఆయన చెవి దగ్గరికి వంగి, "ప్రియుడా, ఇదిగో నీ నలభయ్యోది" అన్నారట.

వెక్కిరింపుకోసం చేసే పని కాదది. మనిషి ఏ మాట చుట్టూ తిరుగుతాడో అదే అతని గుర్తు అని ఆయన నమ్మకం. ఆ నమ్మకం సామాన్ల గదిలోనే పుట్టింది. చేరిన కొత్తలో ఆ గది రిజిస్టరులో 'గొడుగు, నలుపు, ఒకటి' అని రాసి ఉండేదట. కింద మళ్ళీ 'గొడుగు, నలుపు, ఒకటి.' పేజీలకు పేజీలు అలాగే.

"నలుపని రాస్తే ఏటి లాభమమ్మా?" అనేవారు చేతులు చాచి. "గదిలో గొడుగులన్నీ నలుపే. వచ్చినోడూ 'నల్లగొడుగు బాబూ' అనే అంటాడు. అందరి నోటా ఉన్న మాటతో ఒక్కటీ దొరకదు. 'పిడికి ఎర్రదారం సుట్టినాను' అన్నాడనుకో, అదిగో, అది మాటంటే!"

అందుకని ఆయన రిజిస్టరు పక్కన పెన్సిల్‌తో ఇంకో గడి గీసుకున్నారు. అందులో అడిగేవాళ్ళు వాడే మాటలు రాసేవారు. ఒకసారి ఒకావిడ ఏడుస్తూ వచ్చిందట. పెట్టె పోయింది. రంగు గుర్తులేదు, ఏ బోగీయో గుర్తులేదు. "గుర్తు సెప్పమ్మా" అని ఈయన, "పెట్టె బాబూ, పెట్టె" అని ఆవిడ. చివరికి, "మూత ఎత్తితే మేకపిల్లలాగ అరుస్తాది" అంది. తాత గదిలో ఉన్న పెట్టెల మూతలన్నీ ఒకటొకటే ఎత్తుకుంటూ పోయారు. పద్నాలుగో పెట్టె మేకపిల్లలా అరిచింది. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ అరుపు ఆయనే అరిచేవారు, ఎంత బాగా అరిచేవారంటే వీధిలో కుక్కలు తలెత్తేవి.

నేను ఆయనను దగ్గరగా చూసింది మా క్వార్టర్ల దగ్గరి రైల్వే ఉద్యోగుల ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో. పెద్ద హాలు. గోడల వెంట బెంగాలీ, ఇంగ్లీషు, హిందీ పుస్తకాలు. మూల కిటికీ పక్కన రెండు తెలుగు అల్మారాలు. రిటైరయ్యాక తాత మంగళవారం, శనివారం సాయంత్రాలు వచ్చి ఆ రెండింటినీ చూసుకునేవారు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. మూడు సాయంత్రాలు వెళ్ళి, అల్మారా అద్దం ముందు నిలబడి, ఏమీ అడగకుండా తిరిగొచ్చాను. నాలుగో సాయంత్రం ఆయనే పలకరించారు.

"గుంటా, ఏటి పోయింది?"

మా విశాఖపట్నం వైపు ఆడపిల్లను గుంట అంటారు. ఖరగ్‌పూర్‌లో ఆ పిలుపు ఇంటి బయట వినడం అదే మొదలు.

"ఏం పోలేదు."

"మరేటి ఎతుకుతున్నావు?"

"పుస్తకం."

"ఏ పుస్తకం? గుర్తు సెప్పు."

చాలాసేపు ఆలోచించి, "ఎవరూ చచ్చిపోనిది" అన్నాను.

ఆయన పొట్లం మీద ఒక గీత గీశారు. "ఈ మాటన్నోళ్ళలో నువ్వు మూడోదానివి. మొదటిది మీ అమ్మే." తర్వాత కేటలాగు పుస్తకం తెరిచి నా వైపు తిప్పారు. వరస నంబరు, పుస్తకం పేరు, రాసినవాళ్ళ పేరు. అంతే. "సూసినావా? ఎవలు సచ్చినారో, ఎవలు బతికినారో ఇందులో ఎక్కడైనా ఉందేటి? నల్లగొడుగు ఒకటి, నల్లగొడుగు ఒకటి!"

ఆ తర్వాత ప్రతి మంగళవారం, శనివారం వెళ్ళాను. ఇంట్లో అంత చోటు లేదు, అంత నిశ్శబ్దమూ లేదు. కిటికీ పక్క ఆ మూల ఒక్కటే నాది.

వానలు మొదలైన రోజుల్లో ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీబాబు వచ్చారు. బెంగాలీ ఆయన. భారీ మనిషి, మంచి మనిషి కూడా, కాకపోతే టేబుల్ టెన్నిస్ అంటే ప్రాణం. తెలుగు అల్మారాల ముందు నిలబడి ఆ మూలను అడుగులతో కొలిచారు.

"దాదా, నెలకు ఏడు పుస్తకాలు వెళ్తున్నాయి. అందులో ఐదు ఈ పాప పట్టుకెళ్ళేవే. దుర్గాపూజ సెలవుల దాకా చూస్తాను. సగం పుస్తకాలైనా కదిలితే సరే. లేకపోతే ఇవి గోడౌన్‌కి వెళ్తాయి, ఇక్కడ బల్ల పడుతుంది."

"ఠీక్ ఆఛే" అని ఒప్పుకున్నారు తాత, నవ్వుతూనే. సెక్రటరీబాబు వెళ్ళాక మాత్రం పొట్లం మడిచి పక్కన పెట్టేశారు.

"గోడౌనంటే ఏటో నన్నడగాల. నా బతుకంతా అందులోనే ఎల్లిపోయింది. ఎతుక్కుంటూ మనిషి వస్తేనే సామాను బయటికొస్తాది గుంటా. ఎవలూ రాకపోతే దానికి కట్టిన సీటీ కూడా సెదలు తినేస్తాది."

ఆ సాయంత్రం ఆయన ఒక్క గీతా గీయలేదు. అల్మారాలో పుస్తకాల వీపులు ఒక్కొక్కటే వేలితో తాకుతూ కూర్చున్నారు. ఉన్నట్టుండి లేచి, "మన పుస్తకాలు సెడ్డవి కావు. సీటీలే సెడ్డవి" అన్నారు. జనం ఏ మాటతో వెతుక్కుంటారో ఆ మాట చీటీ మీద రాసి ప్రతి పుస్తకానికీ కట్టాలని ఆయన ఆలోచన. ఆ మాట ఏదో ముందు పుస్తకాన్నే అడుగుదామన్నారు. అడగడమంటే లెక్కపెట్టడం.

ఒక నవల ఇంటికి తీసుకెళ్ళి వారం రోజులు లెక్కపెట్టాను. ప్రతి మాటకూ గీత. వేలు వాచింది. నాలుగు ఠావులు పట్టుకెళితే తాత కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి చదివారు. 'అని.' 'ఆ.' 'లేదు.' 'వచ్చి.'

"ఓలమ్మా! ఈ నవల రాసినోడు 'అని' గురించి రాసినాడేటి?" అని పడిపడి నవ్వారు. "ఇయ్యన్నీ నల్లగొడుగులే. కొట్టెయ్."

కొట్టేశాను. మిగిలినవాటిలో 'నీళ్ళు' బాగా పైన ఉంది. అది కూడా కొట్టెయ్యబోతుంటే ఆపారు. "ఉండు. దాని పక్కనున్న మాటతో కలిపి సూడు." చూస్తే, ఎక్కువసార్లు వచ్చింది 'నీళ్ళు లేవు' అన్న రెండు మాటల జంట. 'నీళ్ళు' అన్ని పుస్తకాల్లోనూ ఉంటాయి. 'నీళ్ళు లేవు' ఈ ఒక్కదాంట్లోనే. తాత ఆ జంట చుట్టూ గుండ్రంగా గీసి, పోయిన పెట్టె దొరికినవాడిలా కుర్చీలో వెనక్కి వాలారు. ఒంటరి మాట చెప్పని సంగతి జంట మాట చెబుతుందని ఆ రోజు నేర్చుకున్నాను.

కానీ పుస్తకాన్ని అడిగితే చాలదు. మనుషులనూ అడగాలి. అడగడం నావల్ల కాదని ఆయనకు తెలుసు. "నువ్వు అడగొద్దు. ఎల్లి కుళాయికాడ కూకో. మాటాడవు కదా, నువ్వున్నావని ఒకమారు మరిసిపోతే అన్నీ మాటాడేస్తారు" అన్నారు. నిజంగానే మరిచిపోయారు. బిందెల వరసలో కూర్చుని నెల రోజులు రాసుకున్నాను. పుస్తకాల్లో 'వివాహము' ఉంటుంది, కుళాయి దగ్గర 'పెళ్లి' అంటారు. పుస్తకాల్లో 'పిశాచము', కుళాయి దగ్గర 'దయ్యం'. పుస్తకాల్లో 'ఏకాంతము', కుళాయి దగ్గర 'ఒక్కదాన్నే ఉండిపోయినాను'. మా ఊరికే చెందిన మాటలూ ఉన్నాయి. డ్యూటీ, ట్రాన్స్‌ఫర్. అవి ఏ పుస్తకంలోనూ ఆ పేర్లతో లేవు, కానీ బదిలీ అయిన గుమస్తాల కథలు మా అల్మారాలో మూడున్నాయి.

ఆ రోజుల్లోనే ఒకసారి తాత, నేను డైరీ రాస్తానని మా అమ్మ చెప్పగా విని, "సూపించొద్దు. నువ్వే లెక్కెట్టుకో, సరదాకి" అన్నారు. ఇంటికెళ్ళి లెక్కపెట్టుకున్నాను. ఒక నెల రాతలో 'అనుకున్నాను' అరవై సార్లు పైనే ఉంది. 'అన్నాను' నాలుగుసార్లు. ఆ సంగతి ఆయనకు చెప్పాలని... అనుకున్నాను.

నెలాఖరుకు కుళాయి దగ్గరి గీతల్లో అన్నిటికంటే ముందు 'పెళ్లి', దాని వెనకే 'దయ్యం' నిలిచాయి. అక్కడ మా ఇద్దరికీ ఆశ పుట్టింది. పూజకు రెండు నెలలు కూడా లేవు. తాత ఇంట్లో, రద్దయిన పాత లగేజీ చీటీల కట్ట ఒకటి ఉంది. గట్టి అట్ట, చివర కన్నం, కన్నంలో దారం. వాటి వెనకవైపు ఖాళీ. తాత పెన్సిల్ చెక్కారు.

"పెళ్లి అందరికీ కావాల. దయ్యం అందరికీ కావాల. అన్నిటి మీదా రాసేద్దునా?"

"అన్నిటిలోనూ లేవు కదా తాతా."

"ఎతికితే ఎక్కడో ఒకకాడ ఉంటాదిలే!"

వెతికాం. దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఏదో మూల ఎవరిదో పెళ్లి జరిగింది, లేదా ఎవరో దయ్యంలా అరిచారు. చీటీలన్నీ పుస్తకాలకు కట్టి, అల్మారా తలుపులు తెరిచి పెట్టాం. పుస్తకాలన్నీ ప్లాట్‌ఫారం మీద ప్రయాణానికి సిద్ధమైన సామాన్లలా వేలాడే చీటీలతో నిలబడ్డాయి. శనివారానికి కబురు పాకింది. క్యూ కట్టారు! తాత మీసం వణికింది ఆనందంతో.

పై వారం వాళ్ళే తిరిగొచ్చారు. ముందు మా పక్క క్వార్టర్ పిన్ని.

"ఏటి తాతా ఇది! పెళ్లని రాసినారు. ఉంది, లేదనను. మొదటి పేజీలోనే తాళి కట్టేసినాడు. మిగతా రెండొందల పేజీలూ కోర్టే. నానేటి ప్లీడర్నా?"

ఆమె వెనక ఒక గూడ్సు గార్డు, చేతిలో 'దయ్యం' చీటీ వేలాడుతున్న తేనెటీగల పెంపకం పుస్తకంతో.

"టాటానగర్ ఎల్లి తిరిగొచ్చినంతసేపూ బ్రేక్‌వాన్లో సదివినాను తాతా. తేనెటీగ, తేనెటీగ, తేనెటీగ! దయ్యమేదీ?"

"సివరి అధ్యాయంలో ఉందిరా నాయనా. 'పొగ పెట్టనిచో రాణి ఈగ దయ్యమువలె తిరుగును' అని."

గార్డు ఆయన వంక ఒక నిమిషం చూసి, ఆఫీసు గదిలోకి వెళ్ళి, ఇన్‌స్టిట్యూట్ ఫిర్యాదుల పుస్తకంలో రైల్వే ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాడు. 'గోస్ట్ ప్రామిస్డ్. గోస్ట్ నాట్ సప్లయిడ్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్.'

ఆ పై శనివారం ఒక్కరూ రాలేదు. చీటీలు గాలికి ఊగుతూ ఉన్నాయి. తాత ఒక చీటీ పట్టుకుని చాలాసేపు చూశారు.

"ముప్పై ఏళ్ళు ఆ రిజిస్టర్ని తిట్టినాను గుంటా. ఇప్పుడు నా సేత్తో నేనే అన్నిటి మీదా నలుపని రాసినాను."

ఆయన మొహం చూడలేక నేను కత్తెర తీసుకుని దారాలు కత్తిరించడం మొదలుపెట్టాను. ఆయనా లేచి వచ్చారు. అన్నీ కత్తిరించాం. ఈసారి కట్టుబాటు పెట్టుకున్నాం. పుస్తకానికి మూడే మాటలు. ఆ మాట ఈ పుస్తకంలో దండిగా ఉండాలి, మిగతా పుస్తకాల్లో అరుదుగా ఉండాలి, కుళాయి దగ్గర జనం నోట్లో ఉండాలి. మూడూ కలవకపోతే రాయకూడదు. ఇక ప్రతి మాటకూ గీత అక్కర్లేదు, కుళాయి మాటలకు గీస్తే చాలు.

ఆ మూడు వారాలంత సంతోషంగా నేనెప్పుడూ ఉండలేదు. ఒక్కో పుస్తకం దగ్గర ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం. ఒక నవలకు ఆయన 'గుర్రం' అన్నారు, నేను 'అలక' అన్నాను.

"అలక కనపడతాదేటి? గుర్రమైతే కనపడతాది."

"గుర్రం రెండుసార్లే వచ్చింది తాతా. అలక ముప్పై ఒకటి."

"అలకలన్నీ నీకే కనపడతాయి. గుర్రమెక్కితే తెలుస్తాది" అని గొణిగి, 'అలక' అనే రాసేవారు. లెక్క దగ్గర ఆయనకు పంతం ఉండేది కాదు. 'దయ్యం' మూడు పుస్తకాలకే దక్కింది. 'ఎవరూ చచ్చిపోరు' అన్నది నాలుగింటికి దక్కింది. వాటిలో ఒకటి మా అమ్మ పట్టుకెళ్ళి ఇప్పటికీ తిరిగివ్వలేదు.

ముందుగా నమ్మింది ఆ గార్డే. ఊరికే తేనెటీగలు తిరిగివ్వడానికి వచ్చి, 'దయ్యం, మర్రి ఊడ, మేనత్త' అన్న చీటీ దగ్గర ఆగాడు.

"ఇందులో ఎన్ని?"

"డెబ్బై రెండు" అన్నారు తాత. "దయ్యమే. దయ్యమువలె కాదు."

రెండు రోజులకే వచ్చి రెండో దయ్యం పట్టుకెళ్ళాడు. తర్వాత అతని భార్య, తర్వాత పిన్ని, తర్వాత సుభాష్‌పల్లి పేట నుంచి కూడా. జనం పేర్లు అడగడం మానేశారు. "తాతా, ట్రాన్స్‌ఫర్ వచ్చిందా?" "అలక ఎవరి దగ్గరుంది?" అని కేకలు.

పూజా సెలవుల ముందు శనివారం సెక్రటరీబాబు వచ్చారు. వెనక సామాన్లు మోసే ఖలాసీలు ఇద్దరు, ఒక తోపుడు బండి. చంకలో ఫిర్యాదుల పుస్తకం. అల్మారాలు చూసి ఆయన మొహం వెలిగింది. రెండింటిలో కలిపి పది పుస్తకాలు కూడా లేవు.

"ఖాళీ! మంచిది దాదా. మోయడం సులువు."

తాత రిజిస్టరు ముందుకు తోశారు. సెక్రటరీబాబు తిప్పి చూశారు. అన్నీ ఇచ్చినట్టే రాసి ఉంది. ఆయన మొహంలో నవ్వు తగ్గింది, ఫిర్యాదుల పుస్తకం తెరిచారు.

"ఇదీ చూశాను దాదా. 'గోస్ట్ నాట్ సప్లయిడ్.' చీటీ మీద అబద్ధం రాసి పంచితే కదిలినట్టు లెక్క కాదు. కమిటీకి నేను ఏం చెప్పాలి?"

గార్డు అక్కడే ఉన్నాడు, చంకలో మూడో దయ్యంతో. "అది పాత మాట సార్! ఇప్పుడు సప్లై ఫుల్లు" అన్నాడు కంగారుగా. సెక్రటరీబాబు చెయ్యెత్తి ఆపారు. అల్మారాలో మిగిలిన పుస్తకాల్లోంచి ఒకటి లాగి, దాని చీటీ నా ముందు పెట్టారు. ఆయనకు తెలుగు రాదు.

"బోలో మా, చెప్పు తల్లీ. ఏం రాసి ఉంది?"

చీటీ మీద 'ఇలిష్, వియ్యంకుడు, వరద' అని ఉంది. పల్చని పుస్తకం, అందులో పులస అని ఉంటుంది. ఖరగ్‌పూర్‌లో మేమంతా ఇలిష్ అనే అంటాం కాబట్టి అలా రాశాం. బెంగాలీలో చెప్పాను. "ఇలిష్. బేయాయి. బొన్యా."

"ఇలిష్?" అన్నారు సెక్రటరీబాబు. ఖలాసీలిద్దరూ బండి హ్యాండిల్ వదిలేశారు. "తెలుగు పుస్తకంలో ఇలిష్ కథా? నిజంగా ఉందా? ఏదీ, చెప్పు."

తాత వైపు చూశాను. ఆయన తల వంచుకుని ఒళ్ళో ఉన్న మురీ పొట్లం వంక చూస్తున్నారు. ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాను. ఇక దిక్కులేక మొదలుపెట్టాను. ఇద్దరు వియ్యంకులు. పదేళ్ళుగా మాటల్లేవు. ఒక వరద రోజు ఒకాయన వలలో ఇలిష్ పడింది. ఇంత పొడుగు. అమ్మాయికి ఇష్టమని రెండో వియ్యంకుడింటికి పంపాలి. ఎవరు పట్టుకెళ్తారు?

"తార్‌పొర్?" అన్నారు సెక్రటరీబాబు. తర్వాత?

తర్వాత ఇలిష్ పడవెక్కింది. పడవవాడు దాన్ని చూసి మనసు పాడుచేసుకున్నాడు. ఇలిష్ గట్టు దాటింది. వియ్యపురాలు తలుపు వేసేసింది. ఇలిష్ వెనక్కొచ్చింది. సెక్రటరీబాబు బండి అంచు మీద కూర్చున్నారు. ఖలాసీల్లో పెద్దవాడు, "ఎండకు పాడైపోదూ?" అని అడిగాడు. తామరాకులో చుట్టారని చెప్పాను. నేను ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు. చివరికి ఇద్దరు వియ్యంకులూ మోకాలిలోతు నీళ్ళలో ఎదురుపడి, ఒకరు తలవైపు, ఒకరు తోకవైపు ఆ ఇలిష్‌ను పట్టుకుని నిలబడిన చోట ఆపాను.

సెక్రటరీబాబు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, చదవలేక, జాగ్రత్తగా అల్మారాలో పెట్టారు. చీటీ బయటికి వేలాడేలా సర్దారు కూడా.

"చీటీ నిజమే" అన్నారు. "దాదా, బల్ల వరండాలో వేయిస్తాను. వానకు కాస్త తడుస్తుంది, అంతే. తల్లీ, వచ్చే శనివారం నేను వస్తాను. రొయ్యలున్నది ఏదైనా ఉంటే చూసి పెట్టు."

తోపుడు బండి ఖాళీగా వెళ్ళింది. గార్డు ఈల వేసుకుంటూ దాని వెనకే వెళ్ళాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. తాత అప్పుడు తలెత్తారు. ఒళ్ళో పొట్లం నా ముందుకు జరిపారు. అంచు పొడవునా గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం, నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

"ఇలిషని యాభై మూడు మార్లన్నావు" అన్నారు. "పుస్తకంలో పులస తొమ్మిది."

నేను తల దించుకున్నాను.

"పుస్తకంలో ఆ సేప ఆరో పేజీకే కూరైపోయింది గుంటా" అన్నారు తాత, మీసం మీది మరమరం ఊగిపోతుండగా. "నువ్వు దాన్ని సివరిదాకా ఈదించినావు."